మంచినీళ్ళ వాక్యానికి పటమట టీక

అవతారిక: బెజవాడ పటమట రైతుబజారులో గోంగూర కట్టలు బేరమాడుచు, స్థూలాంగియగు ఆడబిడ్డ కృశాంగియగు వదినతో నిట్టూర్చి పలికినది. ఇరువురిదీ ఒకే వంటిల్లు, ఒకే పప్పుగిన్నె.

మూలం: “మంచినీళ్ళు తాగినా ఒళ్ళొచ్చేస్తోంది వదినా!”

ప్రతిపదార్థం: వదినా = ఎంత తిన్నను ఎముకల మీదికి కండ రాని ఓ వదినా (ఇందు అసూయ ధ్వనించును); మంచినీళ్ళు = కెలరీలు బొత్తిగా లేని కృష్ణ నీళ్ళను; తాగినా = పుచ్చుకొన్నప్పటికిన్నీ; ఒళ్ళు = కొవ్వు; వచ్చేస్తోంది = చెప్పాపెట్టకుండా వచ్చుచున్నది.

టీక: ‘తాగినా’ యందలి ‘నా’ అప్యర్థకం. నీళ్ళే ఇంత పని చేయగా బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ మాట చెప్పనేల యని కైముతిక న్యాయం. సాయంకాలపు పునుగులు ఇందు గుప్తములు.

‘ఒళ్ళు’ అనగా తూకం మాత్రమే కాదు. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యుడ్కిన్ లాన్సెట్ పత్రికలో పక్కపక్కన ఫొటోకు నిలిచిరి. బీఎంఐ (ఎత్తునుబట్టి బరువు లెక్క) ఇద్దరికీ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కావున కృశాంగియు గర్వింపరాదని సూచన.

పూర్వపక్షం: ఇది నోరు కట్టుకోలేనివారి సాకు.

సమాధానం: అట్లనరాదు. కెనడాలో బుషార్ బృందం 12 జతల ఏకరూప కవలలకు, వారానికి ఆరేసి రోజుల చొప్పున 84 రోజులు, రోజుకు వెయ్యేసి కెలరీలు అదనంగా తినిపించినది. 1990లో వెలువడిన ఫలితం: ఒకరు 4.3 కిలోలు పెరుగగా మరొకరు 13.3 కిలోలు పెరిగిరి. జతలోని కవలల మధ్య మాత్రం తేడా అంతకంటె తక్కువ.

మతభేదం: ఒళ్ళు తగ్గించుటకు బెజవాడలో రెండు మతములు ప్రసిద్ధం. కృష్ణ కరకట్ట మీది మంతెన సత్యనారాయణరాజు సంప్రదాయం నూనె విడువుమనును. వీరమాచనేని రామకృష్ణ సంప్రదాయం అన్నం విడిచి కొబ్బరినూనె తాగుమనును. ఈ తగవు వంటిదే స్టాన్‌ఫర్డ్ వారికీ వచ్చినది. 609 మందిని రెండుగా విభజించి, సగం మందికి కొవ్వు, సగం మందికి పిండిపదార్థం తగ్గించిరి. 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం ఏడాదికి సగటున తగ్గినది వరుసగా 5.3 కిలోలు, 6 కిలోలు. అయితే ఏ పక్షమందైనను ఒకరు 30 కిలోల దాకా తగ్గిరి, ఒకరు 10 కిలోల దాకా పెరిగిరి! జాతకం వలె జన్యువులు చూచి ఎవరికేది పడునో చెప్పబూనిరి గాని, పొంతన కుదరలేదు.

తాత్పర్యం: ఓ వదినా! ఒకే గిన్నెలోని పప్పు నాకు ఒంటబట్టుచున్నది, నీకు పట్టుట లేదు. నీళ్ళను గూర్చి నేనాడినది అబద్ధం. నా ఒంటిని గూర్చి ఆడినది నిజం.

ఫలశ్రుతి: దీనిని నిత్యం పఠించువారికి ఒక్క గ్రామైనను తగ్గదు. పక్క విస్తరిలోకి తొంగిచూచి “ఇంకో గరిటా?” అను నోరు మాత్రం కొంత కట్టుబడును.