పోరంబోకు లేని దేశము

ముప్పది రెండు సంవత్సరములు రెవెన్యూ శాఖలో కొలువు చేసి, చెరువు గర్భములు ఇండ్ల స్థలములగుటయు, పశువుల బీళ్లు పట్టా భూములగుటయు, శ్మశానములు సైతము ఏటేట కుంచించుకొనిపోయి తుదకు చచ్చినవానికి కాళ్లు చాపుకొను చోటు కరవగుటయు కన్నులార చూచి, ఆ రూపాంతరములలో కొన్నింటిని స్వహస్తముతో అడంగలునందు నమోదు చేసిన పుణ్యమును గూడ కట్టుకొన్న నాకు, తన భూమిలో తానే ఇల్లు కట్టరాదని దస్తావేజు వ్రాసి యిచ్చి, దానిని రిజిస్టరు చేయించి, పైగా సంతోషించు మనుష్యుడు భూలోకమున నున్నాడని ఎవరైన చెప్పియుండినచో, ముందు నీ తలకు నిమ్మకాయ రుద్దించుకొమ్మని సలహా చెప్పియుందును.

అట్టివారు ఒకరు కారు, వేలకొలదిగ నున్నారు. వారిలో కొందరిని నేను మసాచుసెట్స్ రాష్ట్రమున చూచితిని. మా అబ్బాయి కాపురముండు ఇంటి పెరటిని ఆనుకొని యొక అడవి కలదు. ఆ అడవిలో ఎటు నడచినను మోకాలెత్తు రాతిగోడలు అడ్డము వచ్చుచుండును. అడవిలో గోడ కట్టిన వెర్రివాడెవడని అడిగితిని. గోడలు కట్టిననాడు అడవి లేదట. పందొమ్మిదవ శతాబ్దమున అదంతయు పొలమును మేతబీడునట. రైతులు పడమటి సారవంతములగు భూములకు తరలిపోగా, వదలిన పొలములలో చెట్లు తమంతట తామే తిరిగి మొలచినవట. మా తాలూకాలో అడవి పోయి గోడలు వచ్చినవి. ఇచ్చట గోడలుండగనే అడవి వచ్చినది.

ఇట్లు భూములను కట్టడములు లేకుండ కాపాడు సంరక్షణపు వ్యవహారమునకు మూలపురుషుడు ఆ రాష్ట్రమువాడే యగు చార్లెస్ ఎలియట్ అను ఉద్యానశిల్పి. గ్రంథాలయము పుస్తకములను, ప్రదర్శనశాల చిత్తరువులను ప్రజలకొరకు దాచి యుంచునట్లు, చూడచక్కని భూములను గూడ ఒక ధర్మకర్తల మండలి ఏల దాచి యుంచరాదని ఆయన 1890లో ప్రశ్నింపగా, మరుసటి సంవత్సరమే అట్టి మండలి యొకటి పుట్టినది. దానినే నేడు ట్రస్టీస్ ఆఫ్ రిజర్వేషన్స్ అందురు. ఇంగ్లండులోని నేషనల్ ట్రస్టునకు 1895లో అదియే ఒరవడి యయ్యెను. పాపము, ఎలియట్ ముప్పది యేడేండ్లకే గతించెను. నేను ముప్పది యేడేండ్ల వయస్సున మొదటి ప్రమోషను కొరకు అర్జీలు వ్రాయుచుంటిని.

మా పెరటి వెనుక అడవి ఒక పాలరైతు కుటుంబమువారిది. వారు దానిని అమ్మలేదు, దానము చేయను లేదు. అందులో ఇండ్లు కట్టు హక్కును మాత్రము ఊరి భూసంరక్షణ ట్రస్టునకు ధారపోసిరి. భూమి వారిదే, అమ్ముకొనవచ్చును, బిడ్డలకీయవచ్చును. కాని కొన్నవాడైనను, బిడ్డలైనను, మనుమలైనను అందొక గదియైనను లేపరాదు. ఎంతకాలమని అడిగితిని. ఎల్లకాలమునకని మావాడు చెప్పెను. ఆచంద్రార్కమన్నమాట! మన తామ్రశాసనములలో నీ మాట వచ్చిన వెంటనే, దానభూమిని హరించువాడు అరువదివేల సంవత్సరములు మలమునందు పురుగై పుట్టునను శాపము గూడ వచ్చును. ఆ దస్తావేజును ఆ చివరనుండి ఈ చివర వరకు తిరుగవేసి చూచితిని, పురుగు లేదు. దానికి బదులు, ట్రస్టువారు ఏటేట వచ్చి సరిహద్దులు నడచి చూచెదరనియు, అతిక్రమణ కనబడినచో న్యాయస్థానమున కెక్కెదరనియు ఉన్నది. పురుగు జన్మకు వెరచి చెరువును వదలిపెట్టినవాడు నా సర్వీసులో ఒక్కడును తగులలేదు గనుక, ఈ పద్ధతియే మేలేమో యనిపించినది. ఇట్లు హక్కు వదలుకొన్నవారికి ఆదాయపు పన్నులో కొంత తగ్గింపు కలదని తెలిసిన పిమ్మట గాని నా మనస్సు కుదుటపడలేదు. కారణము లేని మంచితనము మా శాఖవారిని కలవరపెట్టును.

మే నెలలో ఒక శుక్రవారము రాత్రి కోడలు, "మామయ్యగారూ, ఇంట్లో కూర్చుని తోచడం లేదంటున్నారుగా, రేపు ట్రస్టువాళ్లు అడవిలో కలుపు తీస్తారట, సరదాగా వెళ్లిరండి" అనెను. నేను జన్మలో కలుపు తీసినవాడను కాను. గట్టుమీద గొడుగు క్రింద నిలిచి తీయించినవాడను. సప్తసముద్రములు దాటి పరుల పొలమున కలుపు తీయుటయే నా జాతకమున నున్నచో తప్పించువారెవరు? అడవిలోని పిడుదులు కుట్టి జ్వరము తెప్పించునని చెప్పి, మావాడు నా పంట్లాము అంచులను మేజోళ్లలోనికి దోపెను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూచి, "ఏమండీ, ఈ వేషంలో మిమ్మల్ని మన కచేరీ బంట్రోతు చూసుండాలి!" అని నవ్వాపుకొనజాలకపోయెను.

అక్కడకు చేరినవారు పదునైదుగురు. ఒక కుర్రవాడు తప్ప అరువది దాటనివారు లేరు. నాయకురాలు పూర్వము హైస్కూలులో గణితము చెప్పిన పెద్దావిడ. డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున కొండపైకి లేడివలె ఎక్కుచు, వెనుక రొప్పుచున్న నన్ను చూచి మర్యాదకై మధ్యమధ్య పక్షులను చూచు నెపమున ఆగుచుండెను. కూలి యెంతయని అడుగుట బాగుండదని ఊరకుంటిని. ఇంటికి వచ్చిన పిమ్మట లెక్క చూచుకొనగా రెండు డోనట్లును, కాగితపు గ్లాసెడు చల్లారిన కాఫీయు తేలినవి.

మేము పెరుకవలసిన మొక్క పేరు గార్లిక్ మస్టర్డ్. అది ఆవ కుటుంబపుది. తెల్లని నాలుగు రేకుల పూవు. ఆకు నలిపినచో వెల్లుల్లి వాసన. నేను నలిపి, ముక్కు కడ పెట్టుకొని, నిలుచున్న చోటనే కన్నులు మూసికొంటిని. ఆవ, వెల్లుల్లి! నూనెయు, ఉప్పుకారములును, మామిడికాయయు సమకూరినచో ఈ కొండ మొత్తము జాడీలకెత్తవచ్చును గదా! ఐరోపావారు కూరకును మందునకును వెంట తెచ్చుకొన్న ఈ మొక్క 1868లో లాంగ్ ఐలండున మొదటిసారి కనబడినదట. అది వేళ్లనుండి రసము విడిచి, అడవిచెట్ల వేళ్లతో పొత్తు కలిసి బ్రతుకు శిలీంధ్రములను చంపును. ఒక జాతి తెల్లసీతాకోకచిలుక దీనిని తన పుట్టింటి మొక్కయని భ్రమించి గ్రుడ్లు పెట్టగా, పిల్లలు ఆ ఆకు తిని చచ్చును. పెరికి పడవేసినను పడినచోటనే గింజ ముదురును. పదవీవిరమణ చేసిన పిమ్మట వెనుకటి తేదీలు వేసి సంతకములు చేయు ఉద్యోగులను ఎరుగుదును గనుక ఈ కడపటి గుణము నాకు వెంటనే బోధపడినది. అందుచేత పెరికినదంతయు సంచులలో బిగించి మోయవలెను.

గోడలనల్లుకొన్న తీగలును, ముండ్ల గులాబి పొదలును గూడ పరదేశపువేయని పెద్దావిడ చూపెను. అవి తూర్పు ఆసియానుండి వచ్చినవట. ఆసియావాడనై, ఆరు నెలల గడువు ముద్ర వేయించుకొని వచ్చిన నేను, వలసవచ్చినదానిని వేరుతో సహా పెరుకుటకు సాయపడుచు, ఎందుకైన మంచిదని పాస్‌పోర్టున్న జేబును ఒకసారి తడవి చూచుకొంటిని. మన వయ్యారిభామయు, సర్కారుతుమ్మయు అమెరికా ఖండములనుండి దిగినవే గనుక జమాఖర్చులు సరిపోయినవని సమాధానపడితిని.

"మూడాకులు జతగానున్నచో ముట్టవలదు" అని ఆమె మొదటనే హెచ్చరించి యుండెను. కాని ఒక మాను మొదట మూడేసి ఆకులతో ఎర్రగా నిగనిగలాడు చిగురు కనబడినప్పుడు, శివరాత్రికి మారేడుదళములు ఏరుచు పెరిగినవాని చేయి ఊరకుండునా? కోసి, కన్నులకద్దుకొంటిని. అది పాయిజన్ ఐవీ అను విషపు తీగ. రెండు వారములు నా ముఖము ఉడికిన కందవలె నుండెను. మామిడికిని, జీడిమామిడికిని, చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టు నల్లజీడికిని అది జ్ఞాతియట. ఆవ, వెల్లుల్లి, మామిడి వంశము: ఒక్క ఉదయమున ఆవకాయ యంతయు కూడబలుకుకొని నాపై పగ తీర్చుకొన్నది. మా ఆవిడ మాత్రము నా సంచి అడుగున మిగిలిన గార్లిక్ మస్టర్డ్ లేత ఆకులను, "ఇంత ఆకుకూర పారేస్తారా ఎవరైనా?" అని పప్పులో వేసి, "కొంచెం చేదే గానీ, మెంతికూరనుకుంటే సరి" అని తీర్పు చెప్పెను.

జూనులో సరిహద్దు నడక వచ్చినది. ఇది నా విద్య! పెద్దావిడ పటమును, ఉపగ్రహములతో మాటలాడు ఫోనును తెచ్చినది. చెట్ల క్రింద ఆ ఫోను తడబడుచుండగా, నేను గోడ మూలను కాలితో తడవి, ఆకుల క్రిందనుండి త్రుప్పుపట్టిన ఇనుప ఊచను బయటికి తీసితిని. ఆమె చప్పట్లు చరచెను. ఒకరు కోసిన గడ్డిని అవతల కుప్పవోయుట, మరొకరి పచ్చిక ఏటేట జానెడు జరుగుట, ఇంకొకరు పిల్లలకు చెట్టుపై మంచె కట్టుట వరుసగ పట్టి యిచ్చితిని. ఇంత చూపుగల అధికారిని ఇదివరకెరుగనని ఆమె యనగా, ఆ మాట మా పాత తాసీల్దారు చెవిని పడలేదు గదా యని విచారించితిని.

ఇట్లు విజయోత్సాహమున నడచి నడచి ఒక పెరటి వెనుకకు వచ్చితిమి. గోడ అక్కడ కూలియున్నది. అవతల, ఎండ చక్కగా తగులు చోట, తవ్వి చదును చేసిన మడి. అందులో బెత్తెడెత్తున ఎర్రకాడల మొక్కలు. ఆమె టేపు పరచెను. ఆరడుగులు లోపలికి. ఇది యే మొక్కయో ఎరుగనని, పుస్తకము తీసి నన్ను చూచెను.

నేనెరుగుదును. విత్తనములు మా ఆవిడ కొంగున ముడివేసికొని తెచ్చినవి. కిటికీలో మొలిపించినది ఆమె. మూడు వారముల క్రితము ఆ మడి తవ్వినది నేను. "గోంగూర" అంటిని. అక్షరములు చెప్పుమనెను, చెప్పితిని. ఆక్రమించినవారి పేరడిగెను. వెనుకటి రోజులలో ఎందరికో నేనే నేర్పిన జవాబు, అనాదిగా మా అనుభవమున నున్నదనునది, నాలుక చివరకు వచ్చి ఆగిపోయెను.

వారము గడువిచ్చిరి. ఆ సాయంత్రమే గునపము పట్టుకొని ఇరువురము మొక్కలు తీయుచుండగా, మా ఆవిడ చేయి ఆపి, "ఏమండీ, ఇన్నేళ్ల ఉద్యోగంలో మీరు ఎన్ని ఆక్రమణలు తీయించారు?" అని అడిగెను.

"ఇదే మొదటిది" అంటిని.