సింగిల్ ఓనర్

అంగళ్లు దాటేదాకా మా బావమరిది ప్లాటు గురించి మాట్లాడాడు. దాటాక బండి గురించి.

ప్లాటు సంగతి త్వరగానే అయిపోయింది. మదనపల్లె నుంచి కదిరి పోయే రోడ్డు పక్కన కొత్తగా వేసిన లేఅవుట్‌లో పోయిన ఏడాది కొన్నాడు. కారు ఆపి చూపించాడు. ఎర్రనేల చదును చేసి, హద్దురాళ్లకు సున్నం కొట్టి, పార్కు కోసం వదిలిన జాగాలో ఒక పాత చింతచెట్టును మాత్రం కొట్టకుండా ఉంచారు. తన ప్లాటు సరిగ్గా దాని పక్కనే. ఇంజనీరింగ్ చదువులు ఇటు వచ్చాక, ఒకప్పుడు శనక్కాయలు పండిన చేలన్నీ ఇట్లా సెంట్ల లెక్కలోకి మారిపోయాయి.

బండి సంగతి అంత తొందరగా తేలేది కాదు. తంబళ్లపల్లె మండలంలో ఒక పల్లెలో యమహా ఆర్ఎక్స్ 100 ఉందని మదనపల్లె మెకానిక్ ఫొటో పంపాడట. 1990 నాటిది. ఏపీ 03 నంబరు. కంపెనీ వేసిన రంగు, కంపెనీ బిగించిన సైలెన్సర్, ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ కాగితాల్లో ఉన్నవే. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ పాత జపాన్ బండ్ల కోసం ఊళ్లు పట్టి తిరిగేవాడికి అంతకన్నా ఏం కావాలి?

"ముప్పై అయిదేళ్ల కిందటి వంద సీసీ బండికి లక్షన్నరా?" అని వాళ్ల ఇంట్లో గొడవ. తీర్పు నన్ను చెప్పమన్నాడు. చెప్పాను. ఆ బండికి ఆ ధర తగును.

ఎందుకో కూడా చెప్పాలి. 1984, 85ల్లో మన రోడ్ల మీదికి జపాన్ వంద సీసీ బండ్లు వరసగా దిగాయి. కుప్పానికి అవతల హోసూరులో తయారైన ఇండ్ సుజుకీ ముందు వచ్చింది. తరువాతి ఏడాది హీరో హోండా సీడీ 100, ఎస్కార్ట్స్ వాళ్లతో కలిసి యమహా తెచ్చిన ఆర్ఎక్స్ 100. హోండా లీటరుకు ఎన్ని కిలోమీటర్లో చెప్పి అమ్ముకుంది, అది ఏడు హార్స్‌పవర్ చిల్లర బండి. యమహాది దాదాపు అంతే ఇంజన్, 98 సీసీ. కానీ 11 హార్స్‌పవర్. బండి బరువు సుమారు నూరు కిలోలే. టూ స్ట్రోక్ ఇంజన్‌కు క్రాంకు ఒక్క చుట్టు తిరిగితే ఒక పేలుడు, ఫోర్ స్ట్రోక్‌కు రెండు చుట్లు కావాలి. దానికి తోడు కార్బురేటర్ దగ్గర పలుచటి రేకుల రీడ్ వాల్వు ఉంటుంది. లోపలికి పోయిన పెట్రోలూ గాలీ వెనక్కి తన్నకుండా ఆపుతుంది. అందుకే హ్యాండిల్ తిప్పీ తిప్పకముందే బండి ముందుకు దూకుతుంది.

లోపాలు లేవని కాదు. బ్రేకులు రెండూ డ్రమ్ములే, ఆ వేగానికి అవి చాలవు. ఎంతమంది పిల్లలు దాని మీద పోయారో ఈ ప్రాంతంలో ఏ ఊరినడిగినా చెబుతుంది. కాలీ కాలని పెట్రోలు, ఇంజన్ ఆయిలుతో కలిసి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. పొగ నిబంధనలు బిగిసిన 1996లోనే దాని తయారీ ఆగిపోయింది.

"టొయోటా ఏఈ86కు జపాన్‌లో ఏం జరిగింది బావా?" అని అందుకున్నాడు వాడు. "మామూలు కరోలా. 1983 నుంచి 87 దాకా చేశారు. మిగతా కరోలాలు చాలావరకు ముందు చక్రాలతో లాగే రకానికి మారిపోతుంటే ఇది మాత్రం వెనక చక్రాలతో తోసేది. 1995లో ఇనిషియల్ డీ అని బొమ్మల కథ మొదలైంది. అందులో పిల్లవాడు ఆ కారులో కొండ దారి వెంట టోఫు చేరవేస్తుంటాడు. అంతే, పాత కారు దేవుడైపోయింది."

నాకు ఆ పోలిక నచ్చింది. కారు గొప్పది అయినందుకు కాదు, దాన్ని పనిలో చూపించినందుకు. ఆర్ఎక్స్ 100ను నేను ఇష్టపడేదీ అందుకే. 2018లో ఆ పేరుతో సినిమా రాకముందే, రేసులవాళ్లు దాని బోరు పెంచకముందే, ఈ మెట్ట సీమలో అది పనిబండి. పాలక్యాన్లు మోసింది. టమోటా నారు ట్రేలు మోసింది. హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో ఇద్దరినీ ఒక బియ్యం మూటనూ ఎక్కించుకుని ఆగకుండా ఎక్కింది. దారిలో చెడిపోతే చెట్టు కింద కూర్చుని హెడ్డు విప్పి, ప్లగ్గు తుడిచి, రింగులు మార్చి మళ్లీ తోలుకుపోగలిగిన యంత్రం. రేసుబండికి ఉండే దూకుడును ఒక రైతు చేతికి అందే ధరలో పెట్టడం చిన్న విషయం కాదు. బట్ట కప్పి గదిలో దాచేవాళ్లకన్నా దాన్ని తోలినవాళ్లకే దాని విలువ తెలుసని నా నమ్మకం.

"దీని అసలు విలువ తెలిసినవాళ్లు చాలా తక్కువ బావా," అన్నాడు వాడు.

పల్లె చేరేసరికి ఎండ ఎక్కింది. దూరంగా మల్లయ్యకొండ. పెద్దాయన మాకోసం పంచె మార్చుకుని వసారాలో కూర్చుని ఉన్నాడు. బండి చెక్కపలక మీద నిలబెట్టి ఉంది, టైర్లకు మన్ను తగలకుండా. ఒక్క కిక్కు కొట్టాడు. ఆ శబ్దం విని ఎదురింటి పిల్లలు ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. మా వాడు కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకోని చెయ్యి పడనీలేదు," అన్నాడు పెద్దాయన. "సింగిల్ ఓనర్. సింగిల్ హ్యాండ్. తెల్లారుజామున పట్టుగూళ్ల మూట కట్టుకోని మదనపల్లె మార్కెట్‌కి పోతే, ఫస్టు బస్సు వచ్చేలోపల నేను తిరిగొచ్చేసేవాణ్ని. గూళ్లు ఆలస్యం చేస్తే పురుగు చిలకై బయటికొచ్చేస్తాది గదా. పట్టుకు పనికిరాదు. ఈ బండి ఉండబట్టి ఒక్క పంట కూడా పోలేదు."

ఆ గూళ్లు పెంచిన ఆమె మజ్జిగ చెంబుతో వచ్చింది. వేళ్ల కొసలు మల్బరీ ఆకు పసరుతో నల్లబడి ఉన్నాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇప్పటికీ పురుగులు పెంచుతున్నారు. నాలుగో జ్వరం దాటిన, అంటే నాలుగోసారి కుబుసం విడిచిన పురుగు రాత్రీ పగలూ తింటుంది, మేపేవాళ్లకు నిద్ర ఉండదు.

"పెద్దమ్మా, మీరు కూడా దీని మీద బాగా తిరిగింటారే?" అని పలకరించాడు మావాడు.

"లేదు నాయినా. నేను బస్సుకే."

"ఇద్దరెక్కితే పికప్ పోతాది," అన్నాడు పెద్దాయన. "అందుకే ఇప్పటికీ ఇంజన్ ఇట్లుండాది."

దారిలో బియ్యం మూటతో ఘాట్ ఎక్కిన బండి గురించి నేను చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. మావాడు మాత్రం తల ఊపి, కబురు కలిపేందుకు మరో మాట ఎత్తాడు. "నేనూ ఈ పక్కవాణ్నే అయిపోయా పెద్దమ్మా. అంగళ్లు దగ్గర ప్లాటు కొన్నా."

ఆమె చెంబు పట్టుకునే నిలబడింది. "ఏ పక్క?"

"కదిరి పోతుంటే ఎడమ చేతి పక్క. పెద్ద చింతచెట్టు ఉంటుందే, దాన్ని ఆనుకుని."

"చింతమాను ఇంకా ఉండాదా?"

"ఉంది. పార్కులో పెట్టుకున్నారు."

ఆమె తల ఆడించి లోపలికి పోయింది. పెద్దాయన గొంతు సవరించుకుని, ఆర్ఎక్స్ 100కూ తరువాత వచ్చిన ఆర్ఎక్స్‌జీకీ ఉన్న తేడా ఎత్తుకున్నాడు.

బేరం గంటసేపు సాగింది. మొదట అమ్మేదే లేదన్నాడు. ప్రాణమన్నాడు. లక్ష దగ్గర నవ్వాడు. లక్షన్నర దగ్గర బండి సీటు తుడిచాడు. లక్షా డెబ్బై అయిదు దగ్గర, "నువ్వు బాగా చూసుకునేటట్లు కనపడతాండావు, అందుకని ఇస్తాండా," అన్నాడు. తరువాత మా ఇద్దరి వైపూ తిరిగి, "ఇరవై వేల చిల్లర బండి ఇది. ఈ పొద్దు ఎంత పలికిందో చూడండి. ఇంకే వస్తువన్నా ఇట్లా పెరిగిందా?" అని అడిగాడు. నిజంగానే సంతోషపడుతున్నాడు.

మావాడు సంచిలోంచి ఫారం 29, ఫారం 30 తీశాడు. పెన్ను తీశాడు. "ఆర్సీ ఒకటి చూపిస్తే..."

"మే, పెట్టెలో కాయితాలు తీసకరా."

ఆమె తెచ్చింది. పాత జరీ చీర మడతల్లో దాచినట్టుంది, కర్పూరం వాసన వేసింది. ప్లాస్టిక్ కవరులో ఆర్సీ పుస్తకం, షోరూం బిల్లు, పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించిన రసీదులు. ఒక్కటి కూడా నలగలేదు. మావాడు ఇంజన్ నంబరు సరిచూశాడు. ఛాసిస్ నంబరు సరిచూశాడు. పుస్తకంలో పేరు దగ్గర ఆగాడు.

"పెద్దాయనా, ఓనర్ మీరు కాదే. పెద్దమ్మ పేరుండాది."

"పేరుదేముందిలేబ్బా. పెండ్లిలో వాళ్ల నాయన ఇప్పించిన బండి. నా పేరుకు రాయించమంటే ఆ ముసిలాయన వినలేదు, ఆడబిడ్డ పేరు మీదనే ఉండనీ అన్నాడు. అంతే. సంతకం పెడతాది. అయిదేండ్లకోసారి పెడతానే ఉండాది గదా." పెన్ను ఆమె చేతికిచ్చి, వేలితో చోటు చూపించాడు. "ఈడ."

ఆమె పెన్ను తీసుకుంది. ఫారం వైపు చూడలేదు.

"బండి లేకుంటే పీటల మీద కూర్చోనని చెప్పి పంపినాడు ఈయప్ప, ముహూర్తం వారం ఉండంగా," అంది మావాడితో. "మా నాయన బావి కింద చేను అమ్మినాడు. అంగళ్లు దగ్గర. చింతమాను మా గట్టు మీదే ఉండేది."

ఎదురింటి పిల్లల్లో ఒకడు కిక్కు మీద కాలు పెట్టబోతే పెద్దాయన అదిలించాడు. ఇటు మాత్రం చూడలేదు.

"ఎంతకు తెగింది నాయినా బండి?"

"లక్షా డెబ్బై అయిదు వేలు పెద్దమ్మా."

"దుడ్లు నాకొద్దు. ఆ చింతమాను పక్కన ప్లాటు నా పేరుకు రాసియ్యి. ఇప్పుడే సంతకం పెడతా. బండి తోలుకోని పో."

మావాడి మొహంలో రంగు మారింది. "పెద్దమ్మా, అది పద్దెనిమిది లక్షలు పెట్టి కొన్నా!"

"ఎన్ని సెంట్లుంటాది?"

"మూడున్నర."

"మా నాయన దీనికి నూరు సెంట్లిచ్చినాడు నాయినా," అంది ఆమె, పెన్ను మూత పెట్టి వాడి చేతికి తిరిగిచ్చేస్తూ. "నేను మూడున్నరే అడుగుతాండా."