మడమ ముద్ర

“బూట్ల కొలతకు పొద్దుగాల వస్తరా సార్ ఎవరన్నా? సాయంత్రం ఆరు దాటినంక రండ్రి. అమ్మను జర నడిపించి తీసుకరండ్రి” అని ఆ మేస్త్రి మమ్మల్ని వచ్చిన దారినే వెనక్కి పంపించాడు.

సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందులో, ఓ పాత మేడ మెట్ల కింద ఉంటుంది అతని కొట్టు. నిలువునా మనిషి నిలబడితే తల తగులుతుంది. పగలంతా తిరిగిన పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుందనీ, పొద్దున కొలిచి చేసిన బూటు ఆ వేళకి కరుస్తుందనీ తర్వాత చెప్పాడు. ఆరేళ్ళుగా మా ఆవిడ మడమ నొప్పి కోసం తిరగని షోరూం లేదు. ఈ ముక్క చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఆ నొప్పి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున మంచం దిగేముందు ఆవిడ కాసేపు అంచున కూర్చుంటుంది. చాప మీద సూదులు పరిచి ఉన్నట్టు, కాలు కిందికి దించి మళ్ళీ పైకి తీసుకుంటుంది. తర్వాత గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, మడమ ఆనకుండా మునివేళ్ళ మీద మొదటి అడుగు. పది అడుగులు వేశాక కొంచెం సర్దుకుంటుంది. గంటసేపు నిలబడితే మళ్ళీ మొదలు. డాక్టరు దానికి ప్లాంటార్ ఫేషియైటిస్ అని పేరు పెట్టాడు. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఓ గట్టి పట్టీ లాంటిది ఉంటుందిట. అది వాచి, రాత్రంతా బిగుసుకుని ఉండి, పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగుతుంది. ప్రాణం పోయేది అందుకే. “గచ్చు మీద ఉత్తకాళ్ళతో నడవొద్దు, గంటల తరబడి నిలబడొద్దు. ఈ రెండూ మానితే సగం మందు వేసుకున్నట్టే” అన్నాడాయన. అప్పటి నుంచీ ఇంట్లో కూడా ఆవిడ కాళ్ళకి నీలం పట్టీల ఎంసీఆర్ చెప్పులు ఉండాల్సిందే. వంటింట్లోనూ అవే, పూజగది గడప దాకా అవే.

ఇలాంటి మనిషికి మంచు బూట్లు కావలసి వచ్చాయి. మా అమ్మాయికి డిసెంబరు నెలాఖరులో పురుడు. ఉండేది మిన్నెసోటాలో. అక్కడ జనవరిలో సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి కూడా పోతుంది. మనకు ఇక్కడ పన్నెండో పదమూడో అయితేనే మఫ్లర్లు బయటికొస్తాయి. మా అమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు, నేను కదల్లేను. ఆవిడ ఒక్కతే వెళ్ళాలి. మంచులో జారి పడుతుందేమో, చలికి ఆ మడమ ఇంకా బిగుసుకుంటుందేమో అని నాకు అక్టోబరు నుంచే నిద్ర లేదు.

జేమ్స్ స్ట్రీట్ అంతా తిరిగాం. ఎం.జి. రోడ్డు అని పేరు మారి ఎన్నేళ్ళయినా మా వయసువాళ్ళకి అది జేమ్స్ స్ట్రీటే. ప్యాట్నీ నుంచి ప్యారడైజ్ దాకా ఓ పక్క, జనరల్ బజార్‌లో రెండు రోజులు. మెత్తగా ఉన్నవి నడుం దగ్గర చపాతీలా మడత పడేవి. బూటు మడత పడాల్సింది వేళ్ళ దగ్గర, నడిమధ్యన కాదు. గట్టిగా ఉన్నవాటికి లోపల అరికాలి వంపుకి ఆసరా ఉండేది కాదు. ఉన్ని మేజోళ్ళు వేసి తొడిగితే వేళ్ళు నలిగిపోయేవి. బిగుతు బూటులో రక్తం సరిగా ఆడదు, అప్పుడు ఎంత ఉన్ని ఉన్నా కాలు చల్లబడుతుంది. ఇవన్నీ నేను ఆ నెల రోజుల్లో నేర్చుకున్న చదువు.

చివరికి తిరుమలగిరి లాల్ బజార్‌లో, మిలటరీవాళ్ళ సామాను అమ్మే ఓ కొట్లో దొరికాయి. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న నాటి నుంచీ ఈ ఊరు దండు ఊరే. బూట్లకు కొదవేముంటుంది! కానీ అన్నీ మగవాళ్ళవి. అన్నిటికన్నా చిన్న జత ఒకటి అడుగున పడి ఉంది. లోపల ఉన్ని అస్తరు, కింద లోతుగా గాళ్ళు తీసిన అడుగు, మడమ చుట్టూ గట్టి కప్పు. వెల మూడువేల నాలుగు వందలు. ఆవిడ పాదానికి అర సైజు ఎక్కువ. మందం మేజోళ్ళకి ఆ అర సైజు కావాలి కూడా. లోపలి అట్ట మాత్రం పలక. దాన్ని మార్చేవాడు మోండా దగ్గర ఒకడున్నాడని ఆ కొట్టతనే చెప్పాడు.

సాయంత్రం వెళ్ళేసరికి మేస్త్రి పీట వేసి ఉంచాడు. ఆవిడ్ని కూర్చోబెట్టి కాదు, నిలబెట్టి కొలిచాడు. బరువు పడితేనే పాదం అసలు పొడవు తెలుస్తుంది. ఖాకీ కాగితం మీద ఆవిడ పాదం చుట్టూ పెన్సిలు నిటారుగా పట్టుకుని గీశాడు. రెండు కాళ్ళకీ వేరువేరుగా. కుడిది కొంచెం పెద్దది, మాకే తెలీదు. తర్వాత బొటనవేలితో మడమ కింద మెల్లగా నొక్కుతూ పోయాడు. ఒకచోట ఆవిడ “అమ్మా” అంది. సరిగ్గా అక్కడ కాగితం మీద చుక్క పెట్టాడు.

“గీ చుక్క కాడ గుంట తీస్త. బరువు దాని మీద పడొద్దు, చుట్టుపక్కల పడాలె” అన్నాడు.

నల్లటి ఎంసీఆర్ రబ్బరు పలక తీసి చూపించాడు. మైక్రో సెల్యులార్ రబ్బరు అంటే కంటికి ఆనని గాలి బుడగలు నిండిన రబ్బరు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్ళు, కుష్ఠు వచ్చి పాదాలు మొద్దుబారినవాళ్ళకి పుళ్ళు పడకుండా ఉండాలని చేయించిన చెప్పులకి ఇలాంటి రబ్బరే వాడారు. నొప్పి తెలియనివాళ్ళ కోసం పుట్టిన చెప్పు ఈ రోజు నొప్పి ఓర్వలేనివాళ్ళందరికీ దిక్కయింది. మా మేస్త్రి కూడా కుర్రతనంలో అలాంటి చెప్పులు కుట్టేచోటే పని నేర్చుకున్నాడట. చెప్పేటప్పుడు అతని గొంతులో మర్యాద వినిపించింది.

రబ్బరు కోసి, ఆకురాయితో వంపు తీసి, పైన పల్చటి లేత తోలు అంటించాడు. వంగి లేసులు కట్టుకోలేదని తెలిసి పక్కన జిప్పు కూడా వేశాడు. పని పూర్తయ్యేసరికి ప్రయాణం ముందు రోజు సాయంత్రమైంది. కొట్టు ముందు ఆవిడ నాలుగడుగులు వేసింది. ఐదో అడుగుకి నా వైపు తిరిగి నవ్వింది. ఆరేళ్ళలో ఆవిడ మడమ ఆనించి నడవడం నేను అదే చూడటం.

“నెల తిరిగేసరికి గీ తోలు మీద అమ్మ పాదం అచ్చు పడతది సార్. మడమ కాడ గుంట దిగుతది. తిరిగొచ్చినంక తీసుకరండ్రి. ఆ అచ్చు జూసి ఇంకో జత చేసిస్త” అన్నాడు.

మర్నాడు, నవంబరు 29 పొద్దున పెట్టెలు సర్దాం. విమానాశ్రయంలో విప్పమంటే కష్టమని బూట్లు పెట్టెలోనే పెట్టాం. నలిగిపోకుండా ఆ రోజు పేపర్లో నేను నింపుతున్న గళ్ళ నుడికట్టు పేజీ మధ్యకి చింపి, రెండు ఉండలు చుట్టి, రెండు బూట్ల ముక్కుల్లోకీ కుక్కాను. తూకం వేస్తే పెట్టె ఇరవై నాలుగు కిలోలు చూపించింది. ఇరవై మూడు దాటకూడదు. ఆవకాయ తీయనివ్వలేదు, కరక్కాయ, శొంఠి, వాము, పురిటి పథ్యం సామాను తీయనివ్వలేదు. నీలం పట్టీల చెప్పులు తీసి మంచం కిందికి తోశాను. “బూట్లున్నాయిగా” అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

మనవడు పుట్టాడు. ప్రతి ఆదివారం ఫోన్లో కనబడేది. వెనక ఎప్పుడూ అదే తెల్ల అలమర, పక్కన కుక్కరు కూత. పిల్లాణ్ణి చూపించేది, నిద్రలేని అమ్మాయి కళ్ళు చూపించేది. నేను ముందడిగేది ఒకటే. “బూట్లు ఎలా ఉన్నాయి?”

“దూది మీద నడిచినట్టుందండీ. ఇందాకే అలా మంచులో తిరిగొచ్చాం.”

ఆ మాట వారమంతా నన్ను మోసేది. మోండా వైపు వెళ్ళినప్పుడల్లా మేస్త్రికి చెప్పేవాణ్ణి. అతను చేతులు తుడుచుకుని దణ్ణం పెట్టేవాడు.

మే నెలాఖరులో తిరిగొచ్చింది. శంషాబాద్‌లో చక్రాల కుర్చీలో బయటికొచ్చింది. ప్రయాణం బడలిక అనుకున్నాను. ఇంటికొచ్చి, మంచం కింద నుంచి నీలం చెప్పులు కాలితోనే బయటికి లాక్కుని, తొడుక్కుని, కళ్ళు మూసుకుని కూర్చుండిపోయింది. మర్నాడు పొద్దున మొదటి అడుగు వేయలేకపోయింది. పదో అడుగుకీ సర్దుకోలేదు.

డాక్టరు మడమ నొక్కి చూసి మొహం చిట్లించాడు. “ఇంత ముదిరిందేం? ఉత్తకాళ్ళతో ఎక్కువసేపు నిలబడ్డారా?”

“అబ్బే, లేదండీ. ఆ బూట్లు పడలేదేమో” అంది ఆవిడ, నా మొహం చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అటు నుంచి అటే, ఆ బూట్లు సంచీలో వేసుకుని మోండాకి వెళ్ళాను. నలుగురి ముందూ అన్నాను. నమ్మి ఆడమనిషిని అంత దూరం పంపితే కాలు నాశనం చేశావు, నెలకొకసారి నిన్ను పొగిడిన నోరు ఇది అని ఏమేమో అన్నాను. అతను తల వంచుకుని అంతా విన్నాడు. మాట పూర్తయ్యాక జిప్పు తీసి, లోపలి అట్ట బయటికి లాగి, వెలుగులో పెట్టాడు. లేత తోలు. ఆరు నెలల కింద అతను అంటించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

“అచ్చు పడలే సార్” అన్నాడు నెమ్మదిగా.

“పడకపోవడమేంటయ్యా! చలికాలమంతా తొడిగింది.”

అతను జవాబు చెప్పలేదు. బూటు లోపలికి చెయ్యి పోనిచ్చి, ముక్కు దగ్గర నుంచి ఓ కాగితపు ఉండ తీసి నా అరచేతిలో పెట్టాడు. రెండో బూటులోంచి ఇంకోటి.

మడతలు విప్పాను. పైన తేదీ నవంబరు 29. కింద సగం నింపిన గళ్ళు. అక్షరాలు నావే.