సింపుల్‌గా పెడదాం

తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ గిన్నెలు తోమించిన మాట ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: 'సింపుల్‌గా'. ఆ మాట అనడానికి ఒక అర్హత కావాలి. అనేవాళ్లు మంచినీళ్లు తాగడానికి తప్ప వంటింట్లో అడుగుపెట్టి ఉండకూడదు. మా ఆయనకి ఆ అర్హత పుష్కలం. అందుకే డిసెంబరు చివర్లో ఒకరోజు సోఫాలో కాళ్లు బారజాపుకుని, "ఈసారి పండక్కి ఊరెళ్లట్లేదు కదా, కనుమ నాడు ఫ్రెండ్స్‌కి ఓపెన్ హౌస్ పెడదాం. సింపుల్‌గా. వచ్చేవాళ్లు వస్తారు, ఏదో తింటారు, పోతారు" అని ప్రకటించారు.

ఆ 'ఏదో' అనే వంటకానికి పప్పు ఎంత నానబొయ్యాలో ఏ వంటల పుస్తకంలోనూ రాసి లేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. కాకికున్నపాటి ఇంగితం మాకు లేకపోయింది. హైదరాబాదులో సంక్రాంతికి మిగిలిపోయేవాళ్లు రెండు రకాలు. సెలవు దొరకనివాళ్లు, వెళ్లడానికి ఊళ్లో ఇల్లు మిగలనివాళ్లు. మేం రెండో రకం. ఊరున్నవాళ్లంతా పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరి, కారులోంచి దిగి కాళ్లు సాగదీసుకుంటూ ఫొటోలు పంపిస్తుంటే, ఆ ఫొటోలు చూసి పుట్టే అసూయలోంచే ఇలాంటి ఆలోచనలు వస్తాయి.

కాకినాడలో ఉన్న మా పెద్దమ్మకి ఫోన్లో ఓపెన్ హౌస్ సంగతి చెప్పాను. కాసేపు మాట లేదు. "ఫ్లాటు అమ్మేస్తున్నారుటే? ఎంతకి బేరం పెట్టారు?" అంది. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర ఓపెన్ హౌస్ అంటే బిల్డరు ఫ్లాటు చూపించడం, లేకపోతే బడివాళ్లు మార్కులు చూపించి తల్లిదండ్రుల్ని తలొంచుకునేలా చెయ్యడం. మలేసియాలో మాత్రం ఇది అచ్చమైన ఆచారం, 'రుమా తెర్‌బుకా' అంటారు. రంజాన్ పండక్కి మలయ్‌ల ఇళ్లు, దీపావళికి భారతీయుల ఇళ్లు, కొత్త సంవత్సరానికి చైనావాళ్ల ఇళ్లు తలుపులు తీసిపెట్టుకుంటాయి. ఇరుగూ పొరుగూ ఏ మతంవాళ్లైనా వెళ్లి తిని వస్తారు. మా ఇంటికి మాత్రం ఇది అక్కణ్నుంచి రాలేదు. అమెరికాలో ఆరేళ్లుండి తిరిగొచ్చిన మా ఆయన స్నేహితుడి సామాన్లలో ఏర్ ఫ్రయరుతోపాటు దిగింది.

మనకి తెలియని విద్యేం కాదిది. మా అమ్మమ్మ ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు ఉండేది. ట్రంకుపెట్టెలూ పీటలూ పేర్చి మెట్లు, వాటి మీద తెల్ల దుప్పటి, దాని మీద కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, చెయ్యి విరిగి మైనంతో అతికిన కృష్ణుడు. మధ్యాహ్నం ఒక పిల్లని పంపి ఇంటింటికీ బొట్టు పెట్టి పిలిపించేది. వచ్చినవాళ్లకి తాళింపు పెట్టిన సెనగలు, రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, పసుపు కుంకుమ. చిన్నపిల్లలుంటే భోగి పళ్లు పోసేవాళ్లు: రేగుపళ్లు, చెరుకుముక్కలు, చిల్లర డబ్బులు. అక్కడితో సరి.

ఆవిడ నిరాడంబరురాలు కాదు, అవకాశం దొరికితే పట్టుచీర అంచు గురించి గంట మాట్లాడేది. అయినా పేరంటం సింపుల్‌గా జరిగిపోయేదంటే, అందులో ఏం పెట్టాలో నిర్ణయించే అధికారం ఆవిడకి లేకపోబట్టి. సెనగలు అని ఎప్పుడో తేలిపోయింది. జమీందారు ఇంట్లోనూ సెనగలే, గుమస్తా ఇంట్లోనూ సెనగలే. హైదరాబాద్ పాతబస్తీలో రంజాన్ నాడు స్నేహితుల ఇంటికి పిలవకుండా వెళ్లినా చేతిలోకి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది. పాలు, సేమ్యా, ఖర్జూరం. ఈ ఏడాది కొత్తగా ఏం చేద్దామని అక్కడా ఎవరూ తల బద్దలుకొట్టుకోరు.

అయితే ఆ రోజులు బంగారమని నేను అనను. బొట్టు పెట్టడానికి బయల్దేరిన పిల్ల కొన్ని గుమ్మాలు దాటేసి పోయేది. అమ్మమ్మ సొంత ఆడపడుచు, పాతికేళ్లకే భర్త పోయిన మనిషి, వంటింట్లో కూచుని ఆ సెనగలన్నీ తాళింపు వేసేది. తాంబూలం అందుకోవడానికి మాత్రం ఈవలికి వచ్చేది కాదు. వీధిలో కొన్ని కులాలవాళ్లకి ఆ కొలువు కిటికీలోంచే కనిపించేది. తలుపు తెరిచి ఉండటం వేరు, అందరికీ తెరిచి ఉండటం వేరు.

ఇప్పుడు మాకు అధికారం వచ్చింది, మెనూ మా చేతిలోనే ఉంది. అక్కడే మొదలైంది వినాశనం. కనుమ కాబట్టి మినుము తినాలి, గారెలు ఖాయం. గారెలున్నాక అల్లప్పచ్చడి లేకపోతే మర్యాద కాదు. గారెలు అందరికీ అరగవు, ఇడ్లీ కూడా ఉంచుదాం. మా బావగారు, "ముక్క లేందే కనుమేంటమ్మా?" అన్నారు. కోడికూర చేరింది. కోడికూర ఉన్న బల్ల మీది గారె ముట్టనివాళ్లు ముగ్గురున్నారు. ఇంకో బల్ల, ఇంకో నూనె, ఇంకో గరిటె. పిండివంటలు కొంటే చాలు, ఎవరికీ తెలియదన్నారు మా ఆయన. అరిసె కొరకగానే అది ఏ కొట్టుదో చెప్పేసే ఇద్దరు ఆ జాబితాలోనే ఉన్నారని ఆయనకి గుర్తులేదు. నూనె తిననివాళ్లు, బియ్యం మానేసినవాళ్లు, పాలు విడిచినవాళ్లు ఉన్నారేమో కనుక్కోవడానికి మా అమ్మాయి ఫోన్లో ఒక ఫారం తయారుచేసి గ్రూపులో పెట్టింది. వస్తారా, రారా, రావచ్చా, ఎంతమంది, ఏం తినరు. ముప్ఫై రెండు ఇళ్లలో పదకొండు ఇళ్లు నింపాయి, మిగతావాళ్లు దండం బొమ్మ పెట్టారు. దండం అంటే వస్తామనా, మమ్మల్ని వదిలెయ్యండనా?

తర్వాత అలంకరణ. నాలుగు బంతిదండలు కొందామనుకున్నాం. ఎవరో చెప్పారని ఒక కుర్రాడు టాబ్లెట్ పట్టుకుని వచ్చాడు. 'విలేజ్ థీమ్' అట. రెండు గడ్డిమోపులు, ఎడ్లబండి చక్రం, సున్నం పట్టీలు వేసిన కుండలు, ఫ్లెక్సీ మీద తాటాకు గుడిసె, దాని ముందు ఫొటో దిగడానికి మంచం. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా అద్దె 45,000. గొబ్బెమ్మలు ప్లాస్టిక్‌వి, వాసన రావని హామీ. పల్లెటూరిని పాతికేళ్ల కిందట అయినకాడికి అమ్ముకుని వచ్చినవాళ్లం, ఇప్పుడు గంటల లెక్కన అద్దెకి తెచ్చుకోవాలన్నమాట. చక్రం వద్దన్నాను. మా ఆయన బేరమాడి మంచం ఉంచారు. సింపుల్‌గా ఉంటుందట.

వేళ సంగతి ఇంకా బాగుంటుంది. నాలుగు నుంచి ఏడు లోపల ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఓపెన్ హౌస్‌లో అందమంతా అందులోనే ఉందట. దసరాకి ఎదురు ఫ్లాటువాళ్లు ఇదే పెట్టగా ఆ అందం కళ్లారా చూశాను. 'ఏడు లోపల' అంటే తెలుగులో ఏడింటికి చీర మార్చుకోవడం మొదలుపెట్టమని. ఆరున్నర దాకా ఆ ఇంట్లో ముగ్గురం, ఎనిమిదింటికి నలభై తొమ్మిదిమంది. ఇక వెళ్లడం. మనలో ఎవరూ మొదట లేవరు, లేస్తే తినడానికే వచ్చారనుకుంటారు. లేచినవాళ్లు గుమ్మంలో నలభై నిమిషాలు నిలబడతారు, అసలు కబుర్లన్నీ చెప్పులు వేసుకున్నాకే గుర్తొస్తాయి. పదకొండింటికి ఆ ఇల్లాలు నవ్వుతూనే ఉంది, దవడలు ఆ నవ్వులో బిగుసుకుపోయి. వచ్చేటప్పుడు ఇచ్చిన జనపనార సంచిలో ఇత్తడి కుంకుమభరిణె ఉంది. అడుగున సొట్ట చూసి గుర్తుపట్టాను. రెండేళ్ల కిందట వరలక్ష్మీవ్రతానికి నేనే ఎవరికో ఇచ్చాను. ఎన్ని గడపలు తొక్కి వచ్చిందో పాపం, మనుషుల కంటే భరిణెలే ఎక్కువ పేరంటాలు చూస్తున్నాయి.

పనిలో సాయానికొచ్చే ఆమె భోగి ముందురోజే బస్సెక్కింది. ఆమెకి ఊరుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, గేటు ఒక ఎత్తు. ఆగస్టు 15కీ జనవరి 26కీ గవర్నరుగారు తన నివాసంలో తేనీటి విందు ఇస్తారు. దాని పేరు 'ఎట్ హోమ్'. ఆహ్వానపత్రం ఉంటేనే లోపలికి పంపుతారు. మా ఓపెన్ హౌస్‌కి అంతకంటే గట్టి బందోబస్తు. అతిథి పేరు, ఫోను నంబరు, బండి నంబరు నేను ముందుగా యాప్‌లో ఎక్కించాలి. వాళ్లకి ఓటీపీ వస్తుంది. గేటు దగ్గర అది చెప్పాలి, టవరు కింద ఇంకోసారి సంతకం పెట్టాలి. బయటి బళ్లకి పార్కింగు పది, పిలిచింది ముప్ఫై రెండు ఇళ్లని. పద్ధెనిమిదో అంతస్తులో, లిఫ్టుకి కార్డు గీకితే తప్ప కదలని చోట, తలుపు తెరిచిపెట్టి కూచోవడాన్ని మేం ఓపెన్ హౌస్ అంటున్నాం. ఆ తలుపు కూడా దోమలొస్తాయని దగ్గరికి వేసే ఉంచాం.

కనుమ మధ్యాహ్నం మూడున్నరకి రెండో వాయి గారెలు తీశాను. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మంచం అటూ ఇటూ జరిపి, ఒక ఫొటో తీసుకుని, "చూశావా, ఎంత తేలిగ్గా అయిపోయిందో" అన్నారు. నాలుగయింది. నాలుగుంపావు. కొత్త చీరలో నేను, జుబ్బాలో ఆయన, ఫోన్లో అమ్మాయి, రెండు బల్లల మీద యాభైమందికి సరిపడా తిండి.

ఇంటర్‌కమ్ మోగింది. ముగ్గురం ఒకేసారి లేచాం. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన.

"మేడం, ఈడ ఒకాయన వచ్చిండు. ఓటీపీ అడిగితే తెల్వదంటున్నడు. ఇయ్యాల వచ్చేటోళ్లంత మీ ఇంటికే గదా అని మీకు చేసిన."

"పేరేం చెప్పారండీ? ఏ ఫ్లాటుకట?"

"అదే మేడం లొల్లి. ఏ ఫ్లాటుకని అడిగితే అన్ని ఫ్లాట్లకి అంటున్నడు. చేతిల సన్నాయి ఉంది." వెనకనుంచి గంటల చప్పుడు వినిపించింది. "ఎంబడి గంగిరెద్దు గూడ ఉంది మేడం. దానికి వేరే ఎంట్రీ రాయాల్నా?"