నేను కాలిన పొయ్యిలు

నేను అట్ల పెనాన్ని. పోత ఇనుముదాన్ని. రాజమండ్రి బజారులో నన్ను కొన్న మామ్మగారు అప్పటికి కొత్త కోడలు. తిరగేసి అడుగు చూశారు, వేలి కణుపుతో కొట్టి మోత విన్నారు, ఎక్కడా బీట లేదని తేల్చుకున్నాకే సంచిలో వేసుకున్నారు. ఇంటికొచ్చాక వెంటనే అట్టు పోయలేదు. గంజిలో నానబెట్టి, తోమి, నువ్వుల నూనె పట్టించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది రుద్ది నన్ను దారికి తెచ్చారు. ఆ తరవాత ఆ ఇంట్లో ఎన్ని రకాల పొయ్యిలు మారాయో అన్నిటి మీదా నేను కాలాను. మనుషులు మంటను ఎదురుగా నిలబడి చూస్తారు. నాకు అది అడుగునుంచి తెలుస్తుంది. ఏ స్టవ్వు కొనాలన్న మాట ఇంట్లో లేచినప్పుడల్లా నన్నడిగితే బాగుండుననిపించేది. నేను చెప్పేది ఒక్కటే: ముందు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ బయటపెట్టి చూసుకోండి, పొయ్యి సంగతి ఆ తరవాత.

మొదట్లో మట్టి పొయ్యి. సరుగుడు కట్టెలు, కొబ్బరి మట్టలు. మంట నా అడుగంతా పరుచుకుని అంచులు దాటి పైకి లేచేది. పెసరట్టు అంచుదాకా ఒకే రంగులో కాలేది. నాకు అది హాయిగానే ఉండేది, మామ్మగారికి కాదు. గొట్టంతో ఊదీ ఊదీ ఆవిడ కళ్లు ఎర్రబడేవి. వంటింటి దూలాలకీ, నా వీపుకీ, ఆవిడ ఊపిరితిత్తులకీ పట్టింది ఒకటే పొగ. కట్టెల పొయ్యి వంట రుచి గురించి ఇవాళ ఎవరైనా మురిపెంగా మాట్లాడితే నాకు ఆవిడ దగ్గు గుర్తొస్తుంది. ఆ తరవాత వత్తుల కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. దాని మంట ఇరుకు. నా నడుమ మాత్రమే కాగేది. అట్టు మధ్యలో మాడి, అంచున తెల్లగా ఉండిపోయేది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టి పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇప్పించింది. మామ్మగారు డ్వాక్రా సంఘంలో ఉండేవారు. అలా మా ఇంటికి సిలిండరూ, రెండు బర్నర్ల స్టీలు స్టవ్వూ వచ్చాయి. నా బతుకులో అది పెద్ద మార్పు. సిలిండరులో ద్రవంగా ఉన్న ప్రొపేను, బ్యూటేను రెగ్యులేటరు దాటేసరికి సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడికి దిగుతాయి. జెట్టులోని సన్నని బెజ్జంలోంచి గ్యాసు దూసుకొస్తూ దారిలో గాలిని తనతో లాక్కుపోయి బర్నరు కన్నాల దగ్గర వెలుగుతుంది. గాలి సరిపడా కలిస్తే నీలి మంట. చాలకపోతే మంట పచ్చబడుతుంది, నా అడుగున మసి కడుతుంది. పాలు పొంగి కన్నాలు పూడుకుపోతే అందరికంటే ముందు నాకే తెలిసేది, ఆ పక్క అట్టు పచ్చిగా ఉండిపోయేది కాబట్టి. మామ్మగారు నన్ను దించి, పిన్నీసుతో ఒక్కో కన్నం పొడిచి, బర్నరు టోపీ దులిపి మళ్లీ పెట్టేవారు.

వేడిని పాకనివ్వడంలో పోత ఇనుము అల్యూమినియంలో దాదాపు నాలుగోవంతు. అందుకే నేను నిదానంగా కాగుతాను, కాగాక ఆ వేడిని అంత తొందరగా వదలను. నీళ్లు చిలకరిస్తే చుయ్‌మనాలి, వెంటనే మంట తగ్గించాలి, పిండి పోసి గరిటె తిప్పాలి, అంచున నూనె వేశాక మళ్లీ పెంచాలి. గ్యాసు మీద ఈ పనంతా నాబ్ తిప్పినంత సులువు. చెయ్యి చెప్పినట్టు మంట వినడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

అబ్బాయి హైదరాబాదులో ఫ్లాటు కొన్నాక మామ్మగారు నన్నూ, మూకుడునీ, రాచ్చిప్పనీ, ఇత్తడి గిన్నెలనీ మూటగట్టుకుని వచ్చేశారు. వంటిల్లు కొత్తగా చేయిస్తున్నారు. స్టవ్వు దగ్గర మాట ఆగింది. కోడలికి నాలుగు చుట్ల ఇండక్షను హాబ్ కావాలి. ఆవిడ కారణాలు గట్టివి. చిన్నవాడికి ఆయాసం ఉంది. గ్యాసు మంట గదిలో నైట్రోజన్ డయాక్సైడు వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ వంటింట్లో నిలబడటమే కష్టం. గాజు పలక తుడిస్తే చాలు, శుభ్రం. "అత్తయ్యగారూ, మంటే లేకపోతే కొంగు అంటుకుంటుందన్న భయం కూడా ఉండదు కదా" అన్నారు. మామ్మగారు కాదనలేదు. "గిన్నెలు ఏమంటాయో చూడమ్మా" అన్నారు.

ఇండక్షను మీద కాగేది అయస్కాంతం పట్టే గిన్నెలే. అందుకని అబ్బాయి ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తీసుకొచ్చి మమ్మల్నందరినీ వరసగా నేలమీద పేర్చారు. అయస్కాంతం నన్ను టప్‌మని కరుచుకుంది, లాగితేగాని రాలేదు. ఇత్తడి గిన్నెకి పెడితే జారి కింద పడింది. రాగి చెంబు, సత్తు గిన్నెలు, రాచ్చిప్ప, చేపల పులుసు మట్టి కుండ, ఏదీ పట్టలేదు. స్టీలు గిన్నెల్లో సగమే పట్టాయి. నికెలు ఎక్కువగా కలిసిన మంచి స్టీలుకి అయస్కాంతం అంటుకోదు. పాత అల్యూమినియం కుక్కరు పనికిరాదు. ఇనుప మూకుడికి అయస్కాంతం అంటుకుంది గాని, దాని అడుగు గుండ్రం. చదును గాజు మీద అది నిలవదు, నిలిచినా గాజుకి ఆనేది రూపాయి బిళ్లంత మేర. ఇండక్షను కొంటే స్టవ్వుతోపాటు సగం వంటిల్లు కొనాలని ఆ అయస్కాంతమే తేల్చింది. కొట్లో చెప్పే ధరలో ఆ ఖర్చు ఉండదు.

కరెంటు లెక్క కూడా వేశారు. నాలుగు చుట్లూ ఒకేసారి వెలిగిస్తే 7 కిలోవాట్ల దాకా లాగుతుంది. దానికి విడిగా లావు తీగ, విడిగా ఎంసీబీ కావాలి. ఫ్లాటుకి మంజూరైన లోడు పెంచుకోవాలి. వాడకం ఖర్చు వేరే సంగతి. 14.2 కిలోల సిలిండరులో సుమారు 180 యూనిట్ల శక్తి ఉంటుంది. ఐఎస్ 4246 ప్రమాణం ప్రకారం గ్యాసు స్టవ్వు అందులో కనీసం 68 శాతం గిన్నెకి చేర్చాలి. ఇండక్షను సుమారు 85 శాతం చేరుస్తుంది. అంటే ఒక సిలిండరు చేసే వంటకి ఇండక్షను మీద దాదాపు 140 నుంచి 145 యూనిట్లు పడుతుంది. మీ కరెంటు బిల్లులో పై శ్లాబు రేటుతో ఆ అంకెను గుణిస్తే, సిలిండరు ధర పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఏది చవకో ఇంటింటికీ మారుతుంది, ఎవరి బిల్లు వాళ్లే చూసుకోవాలి.

కాగితం మీద లెక్కలతో ఆగకుండా ఒంటి చుట్టు ఇండక్షను స్టవ్వు తెచ్చి 16 ఆంపియర్ల ప్లగ్గుకి పెట్టారు. దానిమీద మొదట ఎక్కించింది నన్నే. ఇన్నేళ్లలో అలాంటి వేడి నేనెరగను. కింద మంట లేదు, ఎర్రబడే తీగ లేదు. గాజు కింద రాగి చుట్ట, అందులో సెకనుకి 20 వేలకు పైగా సార్లు దిశ మార్చుకునే కరెంటు. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. వేడి బయటినుంచి నాలోకి రాలేదు. నా అడుగు పొరలో, మిల్లీమీటరులో కొద్ది భాగం లోతులో, నాలోనే పుట్టింది. గాజు నావల్ల కాగింది. క్షణాల్లో నా నడుమ నుంచి నూనె పొగ లేచింది, అంచులేమో ఇంకా చల్లగా ఉన్నాయి. గాజు కింది చుట్ట వెడల్పు ఏడంగుళాలు, నేను అంచుతో కలిపి పన్నెండు. మామ్మగారు పోసిన అట్టు మధ్యలో గుండ్రంగా ఎర్రబడి చుట్టూ పచ్చిగా మిగిలింది. అట్లకాడతో లేపబోతే అంచు చిరిగింది. కిరసనాయిలు రోజులే మళ్లీ వచ్చాయి. తక్కువ వేడి మీద మెల్లగా కాచి, కొంతసేపు ఆగితే నయమే గాని, పొద్దున్నే ఆరుగురికి అట్లు పోసే ఇంట్లో అంత వ్యవధి ఉండదు. పైగా పోత ఇనుముని ఒక్క చోటే అంత వేగంగా కాస్తే బీటవారే ప్రమాదం కూడా ఉంది.

అదే స్టవ్వు మీద స్టీలు గిన్నెలో పాలు పెట్టినప్పుడు నేను పక్కనుంచి చూశాను. చకచకా కాగాయి, స్టవ్వు ఆపగానే పొంగు అక్కడికక్కడ దిగిపోయింది. టీకి, అడుగున ఇనుప పలక ఉన్న కుక్కరుకి, నీళ్లు కాచుకోవడానికి దాన్ని మించింది లేదని ఒప్పుకోవాల్సిందే. బెల్లం పాకం దగ్గర మాత్రం తడబడింది. చవక రకాలు తక్కువ వేడిలో నిలకడగా కాయవు, కాసేపు పూర్తిగా వెలిగి కాసేపు పూర్తిగా ఆరుతూ ఉంటాయి. అరిసెల పాకం ముదురుతున్నప్పుడు ఆ కుదుపు పనికిరాదు. ఇక పుల్కా పొంగాలన్నా, పచ్చడికి వంకాయ కాలాలన్నా, అప్పడం కాల్చుకోవాలన్నా మంట తప్పదు. ఇన్‌ఫ్రారెడ్ స్టవ్వు ఏ గిన్నెనైనా కాస్తుంది గాని, ఆపాక కూడా గాజు చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పసిపిల్లాడున్న ఇంట్లో అది వద్దనుకున్నారు.

మిగిలింది గ్యాసు. పాత కాళ్ల స్టవ్వా, గట్టులో అమర్చే హాబా? మామ్మగారు పాతదే ఉంచమంటారని అందరూ అనుకున్నారు. ఆవిడే హాబ్ కావాలన్నారు. బిల్డరు కట్టించిన వంటగట్టు 34 అంగుళాల ఎత్తు. దానిమీద స్టవ్వు పెడితే బర్నరు మరో నాలుగైదు అంగుళాలు లేస్తుంది. మామ్మగారు పొట్టి. పండక్కి పెద్ద గిన్నెలో పరమాన్నం కలపాలంటే పీట ఎక్కి నిలబడేవారు. ఉడుకుతున్న గిన్నె ముందు, పీట మీద, ఆ వయసులో. ఆవిడ మడమలు వణకడం నేను గోడకి వేలాడుతూ చూసేదాన్ని. హాబ్ అయితే మంట గట్టుకి కొంచెం పైన మాత్రమే ఉంటుంది. గట్టు ఎత్తూ, వండే మనిషి ఎత్తూ కొలవకుండా స్టవ్వు కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

కొట్టుకి నన్నూ, కాఫీ గిన్నెనీ, కుక్కరునీ వెంట తీసుకెళ్లారు. కొట్టువాళ్లు వింతగా చూశారు గాని అదే సరైన పద్ధతి. 60 సెంటీమీటర్ల నాలుగు బర్నర్ల హాబ్ చూడముచ్చటగా ఉంది. నన్నొక బర్నరు మీద పెట్టి పక్కన కుక్కరు పెడితే రెండూ గుద్దుకున్నాయి. నా సగం ఆరంగుళాలు, కుక్కరు సగం ఐదు; బర్నర్ల నడుమ పదకొండంగుళాల ఎడమైనా లేకపోతే నాలుగు బర్నర్లున్నా వాడేది రెండే. వెడల్పున్న మూడు బర్నర్ల హాబ్ తీసుకున్నారు. కాఫీ గిన్నె పెడితే కొన్నిటి మీద ఒరిగింది. పోత ఇనుప చట్రం, చువ్వలు దగ్గరగా ఉన్న దానిమీద నిలిచింది. బర్నర్లు ఇత్తడివి. హాబ్ గాజు పలక మీద నీడపట్టేలా మరీ పెద్ద గిన్నెలు పెడితే మంట వేడి కిందికి తిరిగి గాజు పగిలే ప్రమాదం ఉంది, అందుకని పెద్ద గిన్నెకి పెద్ద బర్నరే వాడాలి.

అబ్బాయి పట్టుబట్టింది ఒకదానికి: మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు. బర్నరు పక్కన చిన్న లోహపు ముక్క నిలబడి ఉంటుంది. మంట తగిలినంతసేపూ అందులో కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టి, లోపలి కవాటాన్ని తెరిచి పట్టుకుంటుంది. పాలు పొంగో, బాల్కనీ గాలికో మంట ఆరితే ముక్క చల్లారుతుంది, కవాటం మూసుకుంటుంది. వెలిగించేటప్పుడు నాబ్ కొద్ది సెకన్లు నొక్కి పట్టుకోవాలి, అదొక్కటే అలవాటు చేసుకోవాల్సింది. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది లేని హాబ్ కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

హాబ్ ఇంటికొచ్చాకే గ్రానైటు కోయించారు. కోత కొలత ఒక్కో కంపెనీది ఒక్కో రకం; రాయి ముందే కోయిస్తే తరవాత అతికించలేరు. మా ఫ్లాటుకి భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపు గ్యాసు వస్తుంది. అది మీథేను, ఒత్తిడి 21 మిల్లీబార్లు. సిలిండరు గ్యాసుకి బిగించిన జెట్లతో దాని మంట నీరసంగా ఉంటుంది, పెద్ద బెజ్జం జెట్లు వేయించాలి. తిరిగి సిలిండరుకి మారితే మళ్లీ చిన్నవి వేయించడం మరిచిపోకూడదు, మరిస్తే మంట అదుపు తప్పి పచ్చగా ఎగుస్తుంది. సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలబారున చేరుతుంది. సిలిండరు పెట్టే అలమరకి కింది భాగంలో కన్నాలుండాలి. మీథేను తేలిక, పైకి పోతుంది. చిన్నవాడి ఆయాసం కోసం హాబ్‌కి 70 సెంటీమీటర్ల ఎత్తున, బయటికి గొట్టం వెళ్లే చిమ్నీ పెట్టారు. గాలిని వడపోసి మళ్లీ గదిలోకే వదిలే రకం నైట్రోజన్ డయాక్సైడుని బయటికి పంపదని కోడలే పట్టుబట్టి గోడకి కన్నం కొట్టించారు. ఒంటి చుట్టు ఇండక్షను స్టవ్వు ఆవిడ చేతిలోనే ఉంది: పాలు, టీ, అడుగున ఇనుప పలక ఉన్న కుక్కరు దానిమీదే. గదిలో మంట వెలిగే వేళ అలా సగానికి తగ్గింది.

నేనిప్పుడు పెద్ద బర్నరు మీద ఉంటాను. మూకుడికి గుండ్రటి చట్రం వచ్చింది.

మొన్న డల్లాసులో ఉన్న పెద్ద మనవరాలు వీడియోలో మాట్లాడింది. ఇన్నాళ్లూ అద్దె అపార్టుమెంటులో కరెంటు చుట్టల స్టవ్వుతో నెట్టుకొచ్చింది, ఇప్పుడు ఇల్లు కొంటోంది. అక్కడ వంటింటి పెద్ద స్టవ్వులు 240 వోల్టుల మీద నడుస్తాయి, ఇండక్షనులో పదకొండంగుళాల చుట్టు ఉన్నవీ దొరుకుతాయి. "మామ్మా, ఆ పెనం నాకిస్తావా? దాని అడుగు ఎంతుందో ముందు చెప్పు" అంది. మామ్మగారు పురికొస తెచ్చి నన్ను బోర్లించి కొలిచారు. కొసని స్కేలు మీద పెట్టి, కళ్లజోడు సవరించుకుని, "పదిన్నర" అన్నారు. "అయితే పెద్ద చుట్టు ఉన్నదే చూస్తాను. లేదంటే గ్యాసు లైను ఉన్న ఇల్లు చూస్తాను" అంది ఆ పిల్ల.

"గాజు మీద ఈడవకే, గీతలు పడతాయి. ఎత్తి పెట్టు" అన్నారు మామ్మగారు.