పన్నెండు మలుపులు

మా నాన్న మోకాళ్ళు కొండలెక్కి అరిగిపోయాయని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారినే మా తాత పార్వతీపురం నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న పండరీలో ఓ టోకు బట్టల కొట్టులో గుమాస్తా. పండరీ అంటే బట్టల బజారు. బస్తర్ దాకా ఎక్కడ పెళ్ళి ముహూర్తం కుదిరినా బేళ్ళు ఇక్కణ్ణుంచే కదులుతాయి. ఆ రోజుల్లో ఊరి పెద్ద బస్టాండు కూడా పండరీలోనే ఉండేది. ఇప్పుడది భాటాగావ్‌కు మారింది.

మేం డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ పక్కన రేకుల గదిలో ఉండేవాళ్ళం. వైశాఖం వచ్చిందంటే ఆ రేకుల కింద అన్నం కూడా వేడి చల్లారేది కాదు. సరిగ్గా అప్పుడే నాన్న సంచి సర్దుకునేవాడు. “బస్తర్ లైను మీదకి ఎల్తన్నాను” అనేవాడు. కాంకేర్, కొండాగావ్, జగదల్‌పూర్ కొట్లలో బాకీల వసూళ్ళట. మళ్ళీ తొలకరికే ఇంటికి రావడం. నల్లగా మాడి, సగానికి సగం చిక్కి, చేతిలో తుమికి పండ్ల పొట్లంతో వచ్చేవాడు. ఒక్కో ఏడు చారపప్పు, ఒక ఏడు వెదురు పిల్లనగ్రోవి.

రాత్రి వాకిట్లో మంచం వాల్చుకుని చెప్పేవాడు. కేశ్‌కాల్ ఘాటీలో పన్నెండు మలుపులుంటాయి. ఏ మలుపులో బస్సు ఎటు ఒరుగుతుందో, పైనున్న సామాను ఎటు జారుతుందో వేళ్ళు తిప్పి చూపించేవాడు. ఘాటీలో తేలిన్ సతి గుడి దగ్గర డ్రైవర్లు బండి ఆపి దణ్ణం పెట్టుకుంటారు. చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి గుర్రపు నాడాలా వంగి, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఎర్రగా దూకుతుంది. ఇటు గట్టు మీద నిలబడినా తుంపరకి చొక్కా తడిసిపోతుంది.

“మమ్మల్నీ తీసుకెళ్ళు నాన్నా” అని చెల్లీ నేనూ ఏడ్చేవాళ్ళం. “వచ్చే ఏడు” అనేవాడు. అమ్మ మాట్లాడేది కాదు, వంచిన తల ఎత్తేది కాదు. తొమ్మిదో తరగతి వచ్చేసరికి నేను అడగడం మానేశాను. మేం ఉడికిపోతుంటే మనిషి జలపాతాల దగ్గర చొక్కా తడుపుకుంటున్నాడన్న కోపం మాత్రం నాతో పాటే పెరిగింది.

అందుకే ఈ వేసవిలో సెలవు పెట్టి, నా పిల్లలిద్దర్నీ, మా ఆవిణ్ణీ కారులో ఎక్కించుకుని బస్తర్ దారి పట్టాను. నాన్నని రమ్మన్నాను. “మోకాళ్ళు రావురా. నాకు సూసినవే కదా, మీరెల్లి రండి” అన్నాడు. పాత బిల్లు వెనక దారంతా రాసిచ్చాడు. ఎక్కడ టీ బాగుంటుందో, ఎక్కడ బస్సు ఎంతసేపు ఆగుతుందో సహా.

బయల్దేరింది అక్తి రోజున. మనకి అక్షయ తృతీయ అంటే బంగారం కొట్లు గుర్తొస్తున్నాయి గానీ, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో అది బొమ్మల పెళ్ళి పండగ. బజార్లో మట్టి పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ జంటలుగా అమ్ముతారు. పిల్లలే పచ్చని కొమ్మలతో పందిరి వేస్తారు, పసుపు రాస్తారు, ఊరేగిస్తారు. పెద్దవాళ్ళు నిజం పెళ్ళికి కూర్చున్నంత శ్రద్ధగా కూర్చుంటారు. కాంకేర్ దాటాక రోడ్డు పక్క ఓ పల్లెలో మా పిల్లల్ని చెయ్యి పట్టుకుని పందిట్లోకి లాక్కెళ్ళారు. మా అమ్మాయిని మగపెళ్ళివారిలో కలిపేశారు. అప్పగింతలప్పుడు ఆడపెళ్ళివారి పిల్ల ఒకతి నిజంగానే వెక్కివెక్కి ఏడ్చింది. పెళ్ళికూతురు బొమ్మ మా కారెక్కింది.

దంతెవాడ వైపు ఫరస్‌పాల్ దగ్గర గుడారం వేసుకుని, తెల్లవారుజామునే ఢోల్‌కల్ కొండ ఎక్కాం. అడవి దారి. చివరికొచ్చేసరికి చెట్లు అయిపోయి ఉత్త రాయి. ఆ రాతి కొసన, చుట్టూ గోడ గానీ కప్పు గానీ లేకుండా, మూడడుగుల వినాయకుడు. వెయ్యేళ్ళ నాటి విగ్రహమంటారు. 2017 జనవరిలో దాన్ని ఎవరో లోయలోకి తోసేస్తే ముక్కలైపోయింది. పురావస్తు శాఖవాళ్ళు, ఊరివాళ్ళు అడవంతా గాలించి ముక్కలు ఏరి, అతికించి, మళ్ళీ అదే రాయి మీద కూర్చోబెట్టారు. మావాడు అతుకుల మీద వేలు పెట్టి చూసి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, “నొప్పి పుట్టిందా నాన్నా?” అన్నాడు. జవాబు దొరక్క వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. నా వాళ్ళతో కొండ కొసన నిలబడటం అదే మొదటిసారి. చిన్నప్పుడు ఇది నాకెందుకు లేకపోయిందన్న మంట అక్కడే మళ్ళీ రేగింది.

ఆ మంటతోనే జగదల్‌పూర్ మీదుగా చిత్రకోట్ చేరాను. గట్టు మీదికెళ్ళి చూస్తే ఎర్రనీళ్ళూ లేవు, ఒడ్డు నుంచి ఒడ్డుకు ధారా లేదు. నల్లటి బండ నిండా ఎండ, ఒక మూల నుంచి జారే రెండు మూడు తెల్లటి పాయలు. టీ కొట్టు ముసలాయన నవ్వాడు. “ఎండాకాలం ఇంతే బాబూ. ఎర్రనీళ్ళు చూడాలంటే వానల్లో రావాలి.”

ఫోన్ చేశాను. “తుంపర లేదు నాన్నా, చొక్కా తడవలేదు” అన్నాను.

“అప్పట్లో ఉండేదిరా” అన్నాడు కాసేపాగి.

నా నోరు ఆగలేదు. “అవును. నీళ్ళన్నీ నువ్వొక్కడివే చూసేశావు. మాకు బండలు మిగిల్చావు.”

అవతల ఊపిరి వినపడింది. తర్వాత నెమ్మదిగా, “అవున్రా. నేనే సూసేశాను. పిల్లలు జాగర్త” అని పెట్టేశాడు.

ఇంటికొచ్చిన మర్నాడు మా అమ్మాయి బొమ్మకి పట్టుచీర కావాలని పేచీ పెట్టింది. “పండరీలో ముక్కలు దొరుకుతాయి, పదవే” అని నాన్న కర్ర అందుకున్నాడు. నేనే తీసుకెళ్ళాను. తాతా మనవరాలూ ఓ కొట్టులో చీరముక్కలు ఏరుకుంటుంటే, నేను పాత బస్టాండు వైపు టీకి వెళ్ళాను. అక్కడ బల్ల మీద కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. బొబ్బిలి వైపు మనిషట, ముప్పై ఏళ్ళు ఇక్కడే హమాలీ చేశాడట.

“నువ్వు ఆయన కొడుకువి కదా బాబూ? అదే ముక్కు.” చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “పెళ్ళిళ్ళ కాలంలో ఆయనా నేనూ ఒకే జట్టు. పగలు కొట్లో లెక్కలు రాసీవోడు, రాత్రి బస్సుల మీదకి బేళ్ళు ఎత్తీవోడు. పడక గోడౌన్లోనే. మీ ఫీజులు కట్టుకోవాల కదా. మూటలు మోస్తన్నానని పిల్లలకి తెలీకూడదనీవోడు. జగదల్‌పూర్ బస్సుకి ఆయన తాడు కట్టేడంటే, ఘాటీలో పన్నెండు మలుపులు తిరిగినా ఒక్క బేలు కదిలీది కాదు. డ్రైవర్లు వచ్చి ఏ మలుపులో ఏటి జారిందో చెప్పీవోరు. తుమికి పండ్లు తెచ్చి ఇచ్చీవోరు.”

టీ గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది.

“మరి... బస్తర్ కొండలు? చిత్రకోట్?” అన్నాను.

ఆయన ఖాళీ అయిపోయిన బస్టాండు వైపు చూశాడు.

“కొండలా? బస్సు కదలకముందే దిగిపోయీవోడు బాబూ. ఆయన ఎక్కిందల్లా బస్సెనకాల ఇనప నిచ్చెనే.”