కూలి ఎంతవుతుంది?

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు తెనాలిలో మామగారి కారూ కదల్లేదు. తాళం తిప్పితే లోపల ‘టక్’ మంటోంది తప్ప ఇంజను ఉలకదు, పలకదు.

“సెల్ఫ్ పోయినట్టుంది. పండగ వెళ్లాక మెకానిక్కి కబురు పెడదాం లెండి” అన్నారు మామగారు. ట్రెజరీలో పనిచేసి రిటైరయిన మనిషి. రూపాయి వచ్చినా, పోయినా పుస్తకానికి ఎక్కాల్సిందే.

“ఇంట్లో నేనుండగా మెకానిక్ ఎందుకు మామయ్యగారూ!” అంటూ అల్లుడు కొత్త చొక్కా విప్పి బనీనుతో దిగాడు. పట్టా మెకానికల్ ఇంజనీరింగుది, ఉద్యోగం మాత్రం హైదరాబాదులో కంప్యూటరు ముందు.

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నాడు బావమరిదిని. లైట్లు ఏమాత్రం మసకబారలేదు. “చూశారా? బ్యాటరీలో దమ్ముంది. కరెంటే మోటార్లోకి దిగడం లేదు.” పానాతో మోటారు ఒంటి మీద రెండు దెబ్బలు వేసి మళ్లీ తిప్పమన్నాడు. ఇంజను గుర్రుమని అందుకుంది. “కార్బన్ బ్రష్‌లు అరిగాయి. దెబ్బకి కదిలి ఆర్మేచర్‌ని తాకాయంతే. రేపు మళ్లీ మొదటికొస్తుంది.”

ఇంజను ఆపి, ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాడు. “సెల్ఫ్‌కి పోయే లావు తీగకి ఫ్యూజుండదు. పానా పొరపాటున బాడీకి తగిలిందా, నిప్పులే!” బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

మోటారు వరండాలోకి వచ్చింది. కింద పాత పేపరు పరిచి వెనక మూత తీస్తే దోసెడు నల్లపొడి రాలింది. నాలుగు బ్రష్‌లలో రెండు తీగ మొదలు దాకా అరిగిపోయి ఉన్నాయి. మామగారు జేబులోంచి రెండు వందలు తీసిచ్చారు. బావమరిది నమూనాకి పాత బ్రష్ పట్టుకెళ్లి, సగం దించిన షట్టర్ కింద నుంచి బతిమాలి కొత్తవి తెచ్చాడు. నూట ఎనభై. మిగిలిన ఇరవై మామగారు అడిగి మరీ పుచ్చుకున్నారు.

ఆర్మేచర్ మీది రాగి పట్టీలు మసిబారి ఉన్నాయి. సన్నటి గరుకు కాగితం చుట్టి తిప్పుతుంటే ఎర్రగా తేలాయి. “ఎమరీ పెట్టకూడదు మామయ్యగారూ, దాని రజను పట్టీల మధ్య ఇరుక్కుంటే షార్టవుతుంది.” విరిగిన హ్యాక్సా బ్లేడు మొనతో సందుల్లో మురికి గీకాడు. కొత్త బ్రష్‌లకి టాంకం పెడుతూ కథ మొదలెట్టాడు. “ఇదంతా కెటరింగ్ అనే ఆయన చలవ. 1912లో కాడిలాక్ కార్లకి సెల్ఫ్ పెట్టారు. అంతకుముందు కారు ముందు నుంచి హ్యాండిలు తిప్పాల్సిందే. ఇంజను ఎదురు తన్నితే చెయ్యి విరిగేది.”

“అబ్బ, ఎంత చదువో!” అంటూ అత్తగారు గారెల పళ్లెం పక్కన పెట్టారు. మామగారు మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా కుర్చీలోంచి పని చూస్తున్నారు.

బిగించే ముందు మోటారుని కాలితో తొక్కిపట్టి బ్యాటరీ తీగలు తాకించాడు. అంత బరువు మోటారూ పాదం కింద గింజుకుని గిర్రున తిరిగింది. తీసుకెళ్లి బిగించాడు. తాళం తిప్పీ తిప్పగానే కారు స్టార్టయింది. భార్య గర్వంగా పుట్టింటివాళ్ల వంక చూసింది.

మామగారు అప్పుడు నోరు విప్పారు. “అల్లుడుగారూ, ఇదే పని బయట చేయిస్తే కూలి ఎంతవుతుంది?”

“బెజవాడ ఆటోనగర్లో మనిషిని బట్టి అడుగుతారు మామయ్యగారూ. సామాను కాక, ఒట్టి కూలే పదిహేను వందలకి తగ్గదు.”

“ఖాయమేనా?”

“ఖాయం.”

మామగారు లోపలికెళ్లి బీరువా తెరిచిన చప్పుడయింది. అల్లుడు చేతులు తుడుచుకుంటూ, “అయ్యో, సొంతింట్లో పనికి డబ్బులేమిటండీ!” అన్నాడు.

“ఇవ్వడానికి కాదు బాబూ, రాసుకోవడానికి” అంటూ ఆయన ఎర్ర అట్ట పుస్తకంతో వచ్చి కూర్చున్నారు. అల్లుడు భుజం మీదుగా తొంగిచూశాడు. పేజీకి పైన పెళ్లినాటి తేదీ. దాని కింద గుండ్రటి అక్షరాలు: ‘పెళ్లికొడుకు ఇంజనీరు అయినందుకు వియ్యంకులకు చెల్లించినది: రూ. 12,00,000.’ జమ వైపు ఇన్నాళ్లూ ఖాళీ. మామగారు కలం మూత తీసి తాపీగా రాశారు: ‘సెల్ఫ్ బాగుచేసిన కూలి: రూ. 1,500.’

సిరా ఆరేదాకా ఊది పుస్తకం మూశారు.

“ఇంకో ఏడు వందల తొంభై తొమ్మిది సంక్రాంతులు ఇలాగే వస్తూ ఉండండి అల్లుడుగారూ, చెల్లుకు చెల్లు.”